గాట్లక్క కత్తి కింద పెట్టిన రోజు

ఆమెకి కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉండేది. ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే పోయారు, వాళ్ళతో పాటు పేరూ పోయింది. కొండలో అందరికీ ఆమె గాట్లక్కే. ఆమెకంటే ఇరవయ్యేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలిచేవాళ్ళు. గౌరవంతో కాదు. కత్తి పట్టుకున్న మనిషిని ఏదో ఒక వరస కలిపి పిలిస్తే కాస్త నెమ్మదిగా కోస్తుందేమోనని ఆశ.

ఆ కొండవాళ్ళంతా గాబ్లిన్లు, పరదేశపు కథల్లో కొండల్లో ఉంటారని చెప్పే జాతి. వాళ్ళ చెవులు పొడుగు. మొహంలో ఏమీ కనపడనివ్వకుండా దాచుకోగలరు గానీ చెవుల్ని మాత్రం అదుపులో పెట్టుకోలేరు. సంతోషమేస్తే నిక్కుతాయి, సిగ్గేస్తే మడతపడతాయి, దుఃఖమొస్తే భుజాల మీదికి వాలిపోతాయి. అందుకే కాబోలు, ఎవరు ఎక్కడివాళ్ళో చెప్పే గుర్తు కూడా చెవి మీదే పెట్టుకున్నారు. వాళ్ళుండే కొండ లోపల తొలిచి నాలుగు అంతస్తులు కట్టారు. ఎండా గాలీ నేరుగా తగిలే పై అంతస్తు వాళ్ళవి నిండు చెవులు. దాని కింద రెండో అంతస్తులో, బయటి గాలిని లోపలికి వదిలే గాలితలుపులూ కుట్టుపనులూ చూసుకునేవాళ్ళకి చెవికొక గాటు. ఇంకా కింద కొలిమి పనివాళ్ళకీ తోలు పనివాళ్ళకీ రెండు. అన్నిటికీ అడుగున పొగగొట్టాలు దులిపేవాళ్ళు, మురుగు తోడేవాళ్ళు ఉంటారు. వాళ్ళకి మూడు.

పొద్దున గంట కొట్టగానే అంతస్తుల మధ్య తలుపులు తెరుస్తారు, సాయంత్రం గంటకి మూస్తారు. మూసే వేళకి ఎవరి అంతస్తులో వాళ్ళుండాలి. పగటిపూట పైవాళ్ళు కిందికి ఎప్పుడైనా దిగిరావచ్చు. కిందివాళ్ళు పైకెక్కాలంటే మెడలో రాగిబిళ్ళ ఉండాలి, చేతిలో పనుండాలి. పిల్లలకి ఆరేళ్ళు నిండిన ఏడాది గాట్లు పడాలి. రక్తం ముట్టుకునే పని గనక దాన్ని అడుగు అంతస్తు వాళ్ళకే అప్పగించారు. గాట్లక్క తండ్రి చేసేవాడు. ఆయనకి కొడుకులు లేరు, కూతురికి పద్నాలుగేళ్ళు రాగానే కత్తి ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె చెయ్యి మంచిదని పేరు. అరచేతంత చెక్కపలక ఉండేది, దాని మధ్యలో చెవి పట్టేంత గాడి. పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, చెవిని గాడిలో దూర్చి, చన్నీళ్ళతో తడిపి, మాటల్లో పెట్టేది. "మీ ఇంట్లో గురక పెట్టేదెవరు?" అని అడిగేది. ఏ ఇంట్లోనైనా ఒకరుంటారు కదా. పిల్ల ఉత్సాహంగా తాత గురకని అనుకరించి చూపిస్తుంటే మూడు గాట్లూ పడిపోయేవి. "ఇంకా ఎప్పుడు కోస్తావు?" అని అడిగిన పిల్లలున్నారు. నాచుపొడి అద్ది, గుడ్డ చుట్టి పంపించేసేది.

అయినా ఆమెని ఎవరూ ఇంటికి పిలవరు. ఆమె వీధిలోకొస్తే పిల్లలు రెండు చేతులతో చెవులు మూసుకుని పరిగెత్తేవాళ్ళు. "మాట వినకపోతే గాట్లక్కని పిలుస్తా" అని తల్లులు బెదిరించేవాళ్ళు. ఒకసారి మురుగుపని చేసే ఒకతను పెళ్ళిచూపులకని వచ్చాడు. వచ్చినవాడు ఆమె మొహం చూడలేదు, కూర్చున్నంతసేపూ చేతులే చూశాడు. మళ్ళీ రాలేదు. ఆమె కూడా ఎదురుచూడలేదు. ఆమెకి అప్పటికే పెంచాల్సిన పిల్లొకటి ఉంది.

ఆ పిల్ల చెల్లెలు. అక్కకి పన్నెండేళ్ళప్పుడు పుట్టింది, పుట్టి తల్లిని పోగొట్టుకుంది. నడక, మాట, జడ వేసుకోవడం అన్నీ అక్క దగ్గరే నేర్చుకుంది. చెల్లెలికి గాట్లు వేసింది కూడా అక్కే. అప్పటికి తండ్రి చేతులు వణకడం మొదలైంది. ఆ రోజు పిల్ల ఏడవలేదు గానీ, వేసిన అక్క మాత్రం ఇంటి వెనక్కి వెళ్ళి కూర్చుని తండ్రి పిలిచేదాకా లోపలికి రాలేదు.

చెల్లెలు పెద్దదై దీపాల పనిలో చేరింది. మెడలో రాగిబిళ్ళ వేసుకుని, నూనె కుండ నడుముకెత్తుకుని, పొద్దున గంటకి రెండో అంతస్తుకి ఎక్కేది. అక్కడ గాలితలుపులు ఉండే పొడవాటి నడవాలో ముప్ఫై ఆరు దీపాలు. వాటికి ఒత్తులు మార్చి నూనె పొయ్యడం ఆమె పని. ఆ తలుపులు తెరిచి మూసే కుర్రాణ్ణి అందరూ గాలబ్బాయి అనేవాళ్ళు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. బయట గాలి ఎటు తిరిగిందో చెవులతోనే చెప్పేసేవాడు. ముప్ఫై ఆరు దీపాలకి నూనె పొయ్యడానికి చెల్లెలికి మునుపు గంటన్నర పట్టేది. ఆ ఏడాది నుంచీ పూటంతా పట్టసాగింది. గాట్లక్కకి విషయం అర్థం కావడానికి అంతకంటే ఏం కావాలి?

పెళ్ళిళ్ళకి కొండలో చట్టం ఒకటే మాట. కిందికి దిగొచ్చు, పైకి ఎక్కకూడదు. కింది అంతస్తు పిల్లని చేసుకోవాలంటే పైవాడే దిగిరావాలి, మిగతా గాట్లు వేయించుకుని రావాలి.

గాట్లక్క చెల్లెల్ని కూర్చోబెట్టి చెప్పింది. "అతన్ని వద్దని చెప్పు. పుట్టినప్పట్నుంచీ మంచి గాలి పీల్చినవాడు. ఈ పొగలో ఎన్నాళ్ళుంటాడు?"

"మనం ఉండట్లేదా?"

"మన ఊపిరితిత్తులు వేరు. పొగలోనే పుట్టాం."

"నేను పైకి పోలేనక్కా. అతను రాగలడు, వస్తానంటున్నాడు. వచ్చేవాణ్ణి రావద్దనమంటావా?"

"అతని మంచికే చెప్తున్నా."

చెల్లెలి చెవులు రెండూ వెనక్కి విరుచుకున్నాయి. "నువ్వు ఒంటరిగా ఉన్నావని నన్ను కూడా ఉండమంటున్నావు" అంది.

ఆ తర్వాత చెల్లెలి దగ్గర ఆ విషయంలో గాట్లక్క నోరెత్తలేదు. చెల్లెలు ఆ మాట కోపంలోనే అంది గానీ, అన్నమాట అన్నమాటే.

గాలబ్బాయి ఒక మధ్యాహ్నం తనే దిగొచ్చాడు. గుమ్మం తక్కువ ఎత్తు, తల వంచి లోపలికొచ్చి పీట మీద కూర్చున్నాడు. మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి.

"వదినా అని పిలవొచ్చా?"

"ఇంకా కాలేదుగా" అంది గాట్లక్క. కత్తి తెచ్చి అతని ముందు పెట్టింది. "దీన్ని చూసుకో. రేపట్నుంచీ నీ గాలితలుపు దగ్గరికి నువ్వు వెళ్ళాలన్నా మెడలో బిళ్ళ కావాలి. మీ అమ్మకి జ్వరమొస్తే పక్కన పడుకునే వీలుండదు. రేపు నీ మనసు మారితే గాటు పూడ్చే మందు నా దగ్గర లేదు."

"తెలుసు."

"తెలిసినవాళ్ళు ఇలా నవ్వరు."

"ఫలానా అంటే చెవి కోసుకుంటా అని అందరూ ఊరికే అంటుంటారు వదినా. నేను నిజంగా కోయించుకుంటున్నా. అంతే తేడా."

తలుపు వెనక చెల్లెలు కిసుక్కున నవ్వింది. గాట్లక్కకి నవ్వు రాలేదు. అతను మంచివాడని మాత్రం తెలిసిపోయింది, అందుకే ఇంకా దిగులు వేసింది.

గాట్లు వేసేది తనిఖీ గదిలో. మూడో అంతస్తు మెట్ల పక్కన రాతిగది, ఒక బల్ల, పట్టీ రాసుకునే నిండు చెవుల తనిఖీదారు, గోడవారగా ఒక బెంచీ. గాలబ్బాయి తల్లి ముందే వచ్చి ఆ బెంచీ మీద కూర్చుని ఉంది. ఆమెకి భర్త లేడు, ఒక్కడే కొడుకు, కుట్టుపని చేసి పెంచింది. రెండో అంతస్తు వాళ్ళు అడుగువాళ్ళతో మాట్లాడే తీరులోనే గాట్లక్కతో మాట్లాడింది.

"ఏమే, కత్తికి పదును పెట్టావా?"

"పెట్టానండి."

"మొండి కత్తితో కొయ్యకు. వాడు చిన్నప్పట్నుంచీ నొప్పికి ఓర్చుకోలేడు."

అంతే అంది. తిట్టలేదు, ఏడవలేదు. గాట్లక్క గాలబ్బాయి చెవిని పలకలో దూర్చింది. ఆమె తండ్రి ఎప్పుడో వేసిన మొదటి గాటు నున్నగా మానిపోయి ఉంది. పెద్దవాళ్ళని మాటల్లో పెట్టడం ఎలాగో ఆమెకి తెలీదు. అతనే మాట్లాడాడు. ఆ రోజు బయట గాలి పడమటి నుంచి వీస్తోందని, సాయంత్రానికి వాన పడుతుందని చెప్పాడు. చెప్తుండగానే నాలుగు గాట్లూ పడ్డాయి. నొప్పికి ఓర్చుకోలేనివాడు కిక్కురుమనలేదు.

పక్క గదిని తొలిపించి కొత్త కాపురం పెట్టించింది గాట్లక్క. రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. మొదటి ఏడాది ఆ గోడ అవతలి నుంచి నవ్వులు వినపడేవి. గాలితలుపుల పని పెళ్ళిరోజే ఊడింది. గాలబ్బాయి పొగగొట్టాలు దులిపే జట్టులో చేరాడు. పొడుగు మనిషి గనక గొట్టాల్లో ఇరుక్కునేవాడు. జట్టువాళ్ళు కాళ్ళు పట్టి లాగి, "గాలబ్బాయీ, నిన్ను మడతపెట్టి పంపాల్సింది" అని వేళాకోళం చేసేవాళ్ళు. ఇంటికొచ్చి ఆ సంగతి తనే చెప్పి నవ్వించేవాడు. రెండో ఏడు ఆడపిల్ల పుట్టింది. సన్నటి గొంతుతో ఎప్పుడూ కిచకిచమంటుంటే పిట్ట అని పిలుచుకున్నారు. ఆ పిల్లకి ఏడాది నిండేసరికి తండ్రికి దగ్గు మొదలైంది.

అక్కడ అందరికీ దగ్గే. అతని దగ్గు వేరని గాట్లక్కకి గోడ ఇవతల నుంచే తెలిసింది. మిగతావాళ్ళది పొడిగా, కుక్క మొరిగినట్టు ఉంటుంది. అతనిది లోపల ఎక్కడో తడిగా మొదలై, బయటికి రాలేక ఆగిపోయేది. పనిలోంచి వచ్చాక పిట్టని ఎత్తుకునేవాడు, ఎత్తుకుని రెండడుగులు వేసి కూర్చునేవాడు. తర్వాత కూర్చునే ఎత్తుకునేవాడు. తర్వాత పిల్లే వచ్చి పక్కన పడుకునేది. మంచి గాలి కోసం పగలు కాసేపు రెండో అంతస్తుకి పంపించమని చెల్లెలు తనిఖీదారు దగ్గరికి వెళ్ళి అడిగింది. చేతిలో పనేముందని అడిగాడు తనిఖీదారు. దగ్గడం పని కాదు కదా. బిళ్ళ ఇవ్వలేదు.

పిట్టకి నాలుగేళ్ళు వచ్చిన నెలలో అతను పోయాడు. చెవుల మీద గాట్లు పడి ఆరేళ్ళు కూడా కాలేదు.

శవాన్ని తీసుకెళ్ళాక గాట్లక్క నీళ్ళు తోడి చెల్లెలి ఇంటికి తీసుకెళ్ళింది. చెల్లెలు గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నువ్వు కొయ్యనని ఉంటే?" అంది.

గాట్లక్క నీళ్ళకుండ దించలేదు, అలాగే నిలబడింది.

"ఆ రోజు నువ్వు కత్తి పట్టుకోనని ఉంటే ఏమయ్యేది? నాలుగు రోజులు ఏడ్చేవాళ్ళం. అతను ఇంకెవరినో చేసుకునేవాడు. ఆ తలుపుల దగ్గర నిలబడి గాలి పీల్చుకుంటూ బతికుండేవాడు. నువ్వు చెయ్యి అడ్డం పెట్టగలిగేదానివి. పెట్టలేదు."

"వద్దని నీకు చెప్పానే..." అని మొదలుపెట్టి ఆగిపోయింది గాట్లక్క. ఇది ఆ మాటకి సమయం కాదు. చెల్లెలు తలుపు వేసేసింది. గాట్లక్క నీళ్ళకుండ గుమ్మం ముందు పెట్టి వచ్చేసింది. మర్నాడు చూస్తే కుండ అక్కడే ఉంది, నీళ్ళు నిండుగానే ఉన్నాయి.

ఒకటే గోడ. అటు చెంబు పడితే ఇటు ఉలిక్కిపడేంత దగ్గర. అయినా రెండేళ్ళు అక్కాచెల్లెళ్ళ మధ్య మాటల్లేవు. పిట్ట మాత్రం తల్లి పనికి వెళ్ళగానే వచ్చేసేది. "పెద్దమ్మా, నేనిక్కడికొచ్చినట్టు అమ్మకి చెప్పకు" అనేది. ఇంటికెళ్ళి తనే చెప్పేసేది. చెల్లెలు పిల్లని ఆపలేదు. అంతవరకే.

కొడుకు పోయాక గాలబ్బాయి తల్లి, ఆ ముసలావిడ, రోజూ దిగిరావడం మొదలుపెట్టింది. రెండో అంతస్తు నుంచి అడుగుకి రెండువందల పదకొండు మెట్లు. పొద్దున దిగి, మనవరాలికి జడ వేసి, చిరిగినవి కుట్టిపెట్టి, సాయంత్రం గంటకి ముందే మళ్ళీ ఎక్కాలి. దిగేటప్పుడు మోకాళ్ళు, ఎక్కేటప్పుడు గుండె. ఒకరోజు సగం మెట్ల మీద కూలబడిపోతే మురుగు తోడేవాళ్ళు మోసుకెళ్ళి తలుపు దాకా దిగబెట్టారు. ఆ తర్వాత రోజు గాట్లక్క గుమ్మంలో వచ్చి కూర్చుంది.

"అమ్మాయ్" అని పిలిచింది. ఏమే అనలేదు.

"చెప్పండి అత్తయ్యగారూ."

"నాకూ వేసెయ్యి, ఆ మిగతా రెండూ."

గాట్లక్క కత్తీ పలకా గుడ్డలో చుట్టి పక్కన పెట్టింది.

"నా కాళ్ళు ఇంక మెట్లు ఎక్కలేవు. ఎక్కి మాత్రం ఏం చెయ్యను? ఆ ఇంట్లో వాడి చొక్కాలున్నాయి, అంతే. నేను దిగలేని రోజు కోడలు పనికి వెళ్తే పిల్ల ఒక్కతే. ఇక్కడే ఉండిపోతా."

"మీ వయసులో చెవి తొందరగా మానదు."

"మానకపోతే మానకపోయింది. చెవుల్తో నాకేం పని? సూదిలోకి దారమెక్కించడానికి కళ్ళుంటే చాలు."

మూడు రోజులు వెళ్ళగొట్టింది గాట్లక్క. మూడు రోజులూ ఆవిడ వచ్చి అదే గుమ్మంలో కూర్చుంది. నాలుగోనాడు, "నువ్వు వెయ్యకపోతే ఇంకెవడో మొరటువాడు వేస్తాడమ్మాయ్. నీ చెయ్యి మంచిదని మావాడే చెప్పాడు" అంది. ఆ మాటకి గాట్లక్క లేచి పలక తీసుకుంది.

తనిఖీదారు పట్టీలో రాస్తూ తనలో తనే నవ్వుకున్నాడు. ఈ వయసులో దిగేవాళ్ళని చూడలేదన్నాడు. ముసలి చెవి బెరడులా గట్టిగా ఉంది, ఒక్కో గాటుకి రెండుసార్లు నొక్కాల్సొచ్చింది. ఆవిడ బల్ల అంచు పట్టుకుని, "అయిందా?" అని ఒక్కసారే అడిగింది. రక్తం రెండు రోజులు ఆగలేదు. కట్టు మార్చడానికి చెల్లెలింట్లోకి వెళ్ళే దారి లేదు గనక, రోజూ ఆవిడే బయట గుమ్మం మీద కూర్చునేది, గాట్లక్క వెళ్ళి నాచుపొడి అద్దేది. లోపల చెల్లెలు గిన్నెలు తోముతున్న చప్పుడు వినపడేది. ఒకరోజు పాత కట్టు విప్పేసరికి గుమ్మం పక్కన శుభ్రంగా ఉతికిన పాతగుడ్డ ఒకటి పెట్టి ఉంది. ఎవరు పెట్టారో ఎవరూ అనలేదు. గాట్లక్క దాన్ని చింపి కట్టుకి వాడింది.

అలా ఉండగా పిట్టకి ఆరేళ్ళు నిండాయి.

ఆ ఏడాది గాట్ల పట్టీలో పిట్ట పేరు పదకొండోది. ముందురోజు సాయంత్రం ముసలావిడ గోడ పక్కన నిలబడి, "రేపు కాస్త చూసి వెయ్యి" అంది. గాట్లక్క తలొంచుకుని కత్తికి పదును పెడుతూనే ఉంది. చెల్లెలు రెండేళ్ళ కిందట అన్న మాట ఆమె చెవిలో ఇల్లు కట్టుకుని కూర్చుంది. నువ్వు చెయ్యి అడ్డం పెట్టగలిగేదానివి. పెట్టలేదు. ఈసారి పెడదామనుకుంది. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి మాటలుంటే కదా. తను చేస్తే చెల్లెలికి అదే అర్థమవుతుందనుకుంది.

పొద్దున గంట కొట్టకముందే తనిఖీ గదికి వెళ్ళి కత్తీ పలకా బల్ల మీద పెట్టింది.

"ఈసారి నా వల్ల కాదండి."

తనిఖీదారు పట్టీలోంచి తలెత్తాడు. "ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉందండి. ఆ పిల్లకి నేను వెయ్యలేను."

"ఇన్నాళ్ళూ ఇంతమంది పిల్లలకి వేశావు. వాళ్ళకి మాత్రం పెద్దమ్మలు లేరా?"

ఆయన వెటకారంగా అనలేదు, మామూలుగానే అడిగాడు. ఎంతమందికి వేసిందో గాట్లక్కకి గుర్తులేదు.

"గాట్లు ఆగవు. చెయ్యి మారుతుంది, అంతే" అన్నాడు. ఆమె మెడలో రాగిబిళ్ళ తీసేసుకున్నాడు. మర్నాటి నుంచి మసిబట్టలు ఉతికే తొట్ల దగ్గరికి వెళ్ళమన్నాడు. ఆమె ఇంటికొచ్చి, తలుపేసుకుని, గోడకి ఆనుకుని కూర్చుంది. చాలా ఏళ్ళ తర్వాత ఒళ్ళు తేలికైనట్టు అనిపించింది. అలా ఓ పూట గడిచింది.

తనిఖీదారు మూడో అంతస్తు నుంచి తోలు కోసేవాణ్ణి పిలిపించాడు. చెడ్డవాడేం కాదు. పిల్లల చెవి ఎప్పుడూ పట్టుకోలేదు, అంతే. పలక ఎలా వాడాలో తెలీక పక్కన పెట్టేశాడు. బల్ల మీద చెవి పరిచి కోశాడు. పిట్ట పెద్దమ్మ వస్తుందని ఎదురుచూస్తూ తలుపు వైపే చూస్తోంది. కుడిచెవికి రెండు గాట్లు పడేదాకా ఓర్చుకుంది. మూడోదానికి తల విదిల్చింది. అంచు మీద పడాల్సిన కత్తి కిందిదాకా జారిపోయింది. చెవి రెండుగా చీలింది.

గాట్లక్క తలుపుని ఎవరో కాలితో తన్నారు. తీసేసరికి చెల్లెలు, చేతుల్లో పిల్ల, మెడ దాకా రక్తం. వెనకాల గోడ పట్టుకుని ముసలావిడ. పిట్ట ఏడుపు ఆగిపోయి ఎక్కిళ్ళు మాత్రం వస్తున్నాయి.

"ఎందుకు రాలేదు?" అంది చెల్లెలు. రెండేళ్ళ తర్వాత అక్కతో అన్న మొదటి మాట అది.

"నువ్వే అన్నావుగా... కొయ్యనని ఉంటే అని..."

చెల్లెలు ఆమె మొహంలోకి చూసింది. అర్థమైంది. అర్థమయ్యాక ఆమె చెవులు మెల్లగా భుజాల మీదికి వాలిపోయాయి. "నువ్వే వేసుంటే బాగుండేదక్కా" అంది.

పిల్లని మంచం మీద పడుకోబెట్టారు. గాట్లక్క నాచుపొడి నొక్కిపెట్టింది గానీ చీలిక పెద్దది, పొడితో ఆగేది కాదు. "కుట్టాలి. నాకు కొయ్యడమే వచ్చు" అంది. "నాకు కుట్టడం వచ్చు" అని ముసలావిడ రొంటిన దోపుకున్న సూది తీసింది. కింది పొగకి ఆవిడ కళ్ళు సరిగా ఆనడం లేదు, దారం చెల్లెలు ఎక్కించి ఇచ్చింది. గాట్లక్క చీలిన రెండు అంచుల్నీ దగ్గరికి పట్టుకుంది. ముసలావిడ వేళ్ళతో తడుముకుంటూ, చొక్కా చేతికి వేసినంత సన్నటి కుట్లు పదమూడు వేసింది. మాట్లాడించమని ఎవరూ చెప్పకుండానే చెల్లెలు పిల్లతో మాట్లాడుతూనే ఉంది, దీపాల గురించీ, ముప్ఫై ఆరు దీపాల్లో ఏది బాగా వెలుగుతుందో, ఏది పొగ కక్కుతుందో.

చెవి మానింది. వంకరగా మానింది. ఆ వైపు నుంచి పిలిస్తే పిట్టకి సరిగా వినపడేది కాదు. ఎడమచెవి గాట్లు మిగిలిపోయాయి కదా, వాటికి ఇంకో నెల గడువిచ్చాడు తనిఖీదారు. గడువు తీరాక మళ్ళీ ఆ తోలు కోసేవాడే వేశాడు. ఈసారి గాట్లక్క పిల్లని ఒళ్ళో పెట్టుకుని తల కదలకుండా పట్టుకుంది.

మధ్యగోడకి గుమ్మమంత కంత చేయించారు. ముసలావిడ అటు కొంతసేపు, ఇటు కొంతసేపు ఉండేది. అడుగు అంతస్తు పొగలో ఇంకో మూడేళ్ళు బతికింది. చివరి రోజుల్లో మనవరాలిని మంచం పక్కన కూర్చోబెట్టుకుని, గాలితలుపుల నడవాలో పొద్దున్నే గాలి ఎలా వస్తుందో చెప్పేది. పిట్ట మంచి చెవి ఆవిడ వైపు తిప్పి వినేది.

ఆ తర్వాతి ఏడు ఒక మధ్యాహ్నం, తొట్ల దగ్గర మోచేతుల దాకా మసినీళ్ళలో ఉన్న గాట్లక్క దగ్గరికి ఆడవాళ్ళు ఏడెనిమిదిమంది వచ్చారు. అందరూ మూడు గాట్లవాళ్ళే. తోలు కోసేవాడి చేతిలో అప్పటికి తొమ్మిదిమంది పిల్లల చెవులు పాడయ్యాయి. ఒక పిల్లకి చీముపట్టి జ్వరమొచ్చి చచ్చి బతికింది.

"అక్కా, నువ్వు మళ్ళీ పట్టుకోవా?" అంది ఒకావిడ.

"నేను మానేస్తే గాట్లు ఆగుతాయనుకున్నా" అంది గాట్లక్క.

"అవి ఎక్కడ ఆగుతాయక్కా? మా పిల్లలకి నొప్పయినా తగ్గుతుందని."

చేతులు తుడుచుకుని తనిఖీ గదికి వెళ్ళింది. ఆయన మూడు రోజులు బయటే నిలబెట్టి, నాలుగోరోజు బిళ్ళ ఇచ్చాడు. మళ్ళీ కత్తి పట్టుకుంది. ఇంకో పద్దెనిమిదేళ్ళు పట్టుకుంది. ఎవరి చెవీ చిరగలేదు. చెయ్యి మంచిదని తల్లులు దండం పెట్టేవాళ్ళు. ఆ మాట అన్నప్పుడల్లా ఆమె పలక కడుక్కోవడానికి పక్కకి వెళ్ళిపోయేది.

మంచానపడిన ఏడాది చెల్లెలే చూసుకుంది. ఒకరోజు తల దువ్వుతూ, "ఆ రోజు నేనన్న మాటకి నువ్వు కత్తి కింద పెట్టావు. నాకప్పుడు తెలిస్తే..." అంది.

"తెలిస్తే?"

చెల్లెలు దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు తీసింది. "ఏం చేసేదాన్నో నాకూ తెలీదు" అంది.

"నేను వచ్చినా పిట్టకి మూడే పడేవి" అంది గాట్లక్క. "శుభ్రంగా పడేవి. అంతే."

గాట్లక్క పోయిన మూడో రోజున తనిఖీదారు మనిషొకడు కత్తీ పలకా తీసుకెళ్ళడానికి వచ్చాడు. పిట్ట తీసిచ్చింది. అప్పటికి ఆమె కూడా నూనె కుండ ఎత్తుకుని రెండో అంతస్తుకి వెళ్ళే మనిషి. జుట్టు చెవి మీదికి దువ్వుకుని ఉంది.

"నీకు నేర్పిందా?" అని అడిగాడు అతను. "వరసగా మీ ఇంటి పనే కదా ఇది."

"నేర్పమని చాలాసార్లు అడిగాను" అంది పిట్ట. "నేర్పలేదు."

అతను కత్తి మూట కట్టుకుని వెళ్ళిపోయాడు. తల్లీకూతుళ్ళు మంచం ఎత్తి గోడకి చేరవేశారు, ఆ చోటు కడిగారు.